పాత కారు సస్పెన్షన్ పని: పానా పెట్టే ముందు ఆ బోల్టు దేన్ని పట్టుకుని ఉందో చూడండి

పాత కార్ల పని నేర్చుకునేవాళ్ళు ఎక్కువమంది ముందు ఇంజన్ దగ్గరికే వెళ్తారు. అక్కడ తప్పు జరిగితే చాలాసార్లు బండి స్టార్ట్ అవదు, అంతే, మళ్ళీ విప్పి చూసుకోవచ్చు. సస్పెన్షన్‌లో, అంటే చక్రాలని బండికి కలిపి కుదుపులు మింగే భాగంలో, ఆ వెసులుబాటు లేదు. ఇక్కడ మీరు విప్పే బోల్టుల్లో సగం వాటి వెనక బలం దాగి ఉంటుంది. పైకి తుప్పు పట్టిన ఇనుప ముక్కలా నిమ్మళంగా కనిపిస్తుంది గానీ లోపల నొక్కుకుని కూర్చున్న స్ప్రింగ్ సందు ఎప్పుడు దొరుకుతుందా అని చూస్తుంటుంది.

ఎంత బలమో ఒక చిన్న లెక్క వేద్దాం. మిల్లీమీటరు నొక్కడానికి 60 న్యూటన్లు పట్టే కాయిల్ స్ప్రింగ్‌ని 150 మి.మీ. నొక్కి పెట్టామనుకోండి, అది 9,000 న్యూటన్లతో, అంటే సుమారు 900 కిలోల బరువంత గట్టిగా తోస్తుంటుంది. అందులో నిలవ ఉన్న శక్తి 675 జౌళ్ళు. 70 కిలోల మనిషి మీటరు ఎత్తు నుంచి మీద పడితే ఎంతో ఇంచుమించు అంత. కాకపోతే స్ప్రింగ్ ఆ మొత్తాన్ని రెప్పపాటులో, అరచెయ్యంత ఇనుము మీదుగా వదిలేస్తుంది.

అందుకే నాకు ఒకటే అలవాటు. ఏ బోల్టు మీద పానా పెట్టబోయినా "ఇది దేన్ని పట్టుకుని ఉంది? ఇది వదిలితే ఏది ఎటు పోతుంది?" అని పైకే అనుకుంటాను. పక్కన ఎవరైనా ఉంటే నవ్వుతారు, నవ్వనివ్వండి. జవాబు తట్టకపోతే పానా కింద పెట్టేయడమే. కింద చెప్పేదంతా ఆ ప్రశ్నకి రకరకాల బళ్ళలో దొరికే జవాబులే అనుకోండి.

1. మీ బండిలో స్ప్రింగ్ ఎక్కడుందో ముందు కనిపెట్టండి

ఇది చదివి నవ్వొస్తుందేమో, కానీ కొన్ని పాత కార్లలో స్ప్రింగ్ కంటికి కనిపించదు. ఫోక్స్‌వాగన్ బీటిల్, మోరిస్ మైనర్ ముందు భాగం, జాగ్వార్ ఇ-టైప్ ముందు భాగం, వీటిలో ఉండేది టార్షన్ బార్. మెలితిరిగి బలం దాచుకునే పొడవాటి ఉక్కు కడ్డీ అది. చూస్తే మామూలు రాడ్డు అనుకుంటారు. 1959లో వచ్చిన మినీలో ఇనుప స్ప్రింగే లేదు, రబ్బరు కోన్‌లు ఉంటాయి. 1962 నాటి మోరిస్ 1100లో రబ్బరుతో పాటు ద్రవం ఉంటుంది. 1955లో వచ్చిన సిట్రోయెన్ డీఎస్‌లో అయితే గ్యాసు నింపిన గుండ్లు, వాటిని నొక్కే హైడ్రాలిక్ ద్రవం. మిగతా పాత బళ్ళలో ఎక్కువగా కనిపించేవి వెనకాల కమాన్ కట్టలు (లీఫ్ స్ప్రింగులు), ముందు రెండు ఆర్మ్‌ల (చక్రాన్ని ఛాసిస్‌కి కలుపుతూ పైకీ కిందకీ ఆడే ఇనుప చేతుల) మధ్య కాయిల్ స్ప్రింగ్, లేదంటే 1950ల నుంచి వ్యాపించిన మెక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగ్, షాక్ అబ్జార్బర్ ఒకటిగా కలిసిన నిలువు గొట్టం).

మీ మోడల్‌కీ, మీ బండి తయారైన సంవత్సరానికీ సరిపోయే వర్క్‌షాప్ మాన్యువల్ సంపాదించండి. ఒకే పేరు మీద పదేళ్ళు తయారైన కారులో మధ్యలో సస్పెన్షన్ మారిపోవడం మామూలే. బిగించే టార్క్ (తిప్పే బలం) అంకెలు మాన్యువల్‌లోవి తప్ప వేరే ఎక్కడివీ నమ్మకండి, నేను ఇక్కడ ఏ బండికీ టార్క్ అంకె ఇవ్వకపోవడానికి కారణం కూడా అదే.

2. చోటు, పనిముట్లు, వేసుకునేవి

నేల గట్టిగా, మట్టంగా ఉండాలి, కాంక్రీటు అయితే మంచిది. తారు నేల ఎండకి మెత్తబడి స్టాండ్ కాళ్ళు నెమ్మదిగా దిగిపోతాయి, వేరే దారి లేకపోతే స్టాండ్ల కింద మందపాటి ప్లైవుడ్ పలకలు వేయండి. మట్టి మీద, వాలు మీద ఈ పని పెట్టుకోవద్దు.

కావలసినవి: ట్రాలీ జాకీ, బరువు రేటింగ్ రాసి ఉన్న స్టాండ్లు నాలుగు, చక్రాలకి అడ్డుచెక్కలు, టార్క్ రెంచ్, బాల్ జాయింట్ (ఆర్మ్ కొనని చక్రం వైపు భాగానికి కలిపే గుండు కీలు) విడదీసే పనిముట్టు, అవసరమైతే మంచి స్ప్రింగ్ కంప్రెసర్ (స్ప్రింగ్‌ని నొక్కి పట్టే పనిముట్టు), కళ్ళద్దాలు, చేతి తొడుగులు, కాలివేళ్ళ దగ్గర గట్టిగా ఉండే బూట్లు. మంటలార్పే సిలిండర్ చేతికందేలా పెట్టుకోండి, గ్యారేజీ అవతలి గోడకి తగిలించి ఉంటే లాభం లేదు. వీలైతే ఇంకో మనిషి ఉండాలి, పని చేయకపోయినా పర్వాలేదు, పిలిస్తే పలికే దూరంలో ఉంటే చాలు. ఒంటరిగా ఉంటే ఫోను జేబులో ఉండాలి, బెంచీ మీద కాదు. బండి కింద ఇరుక్కున్నవాడికి బెంచీ చాలా దూరం.

పని మొదలుపెట్టడానికి రెండు రోజుల ముందే విప్పాల్సిన బోల్టులన్నిటినీ తీగల బ్రష్‌తో రుద్ది, తుప్పు వదిలించే నూనె పట్టించండి, మర్నాడు మళ్ళీ ఒకసారి. ఇది చేయకుండా నేరుగా గట్టి బోల్టుతో కుస్తీకి దిగితే, స్టాండ్ల మీదున్న బండిని మీరు ఊపేస్తుంటారు. ప్రమాదాలకి అదొక పెద్ద కారణం.

ఇంకో మాట. పాత బ్రేక్ లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది. చక్రం విప్పగానే డ్రమ్ములో కనిపించే నల్ల పొడిని గాలి గొట్టంతో ఊదకండి, నోటితో అసలే వద్దు. తగిన మాస్కు పెట్టుకుని, తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డని సంచిలో కట్టి పారేయండి.

3. లేపకముందే కొలవండి

టైర్లలో గాలి సరిగ్గా ఉంచి, బండిని మట్టమైన చోట నిలిపి, ప్రతి చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా ఎత్తు కొలిచి రాసుకోండి. నాలుగు అంకెలు, అంతే. టార్షన్ బార్ బండి అయితే ఈ అంకెలు లేకుండా తిరిగి బిగించడం చీకట్లో తడుముకోవడమే. ఫొటోలు కూడా కావాలి, దగ్గర నుంచి ఒకటి, దూరం నుంచి ఒకటి. పై ఆర్మ్‌ని ఛాసిస్‌కి బిగించే చోట పల్చటి రేకు ముక్కలు ఉంటే అవి ఎవరో సందు పూడ్చడానికి పెట్టినవి కావు, చక్రం వాలుని సరిచేసే షిమ్‌లు. ముందు వైపు ఎన్ని, వెనక వైపు ఎన్ని అని లెక్కపెట్టి విడివిడి సంచుల్లో వేసుకోండి.

ఒకేసారి రెండు వైపులా విప్పకండి. ఒక వైపు పని పూర్తయ్యేదాకా రెండో వైపు మీకు నమూనాగా ఉండాలి. ఎంత జ్ఞాపకశక్తి ఉన్నా, మూడు వారాలు పార్సిల్ కోసం ఎదురుచూశాక వాషరు ఏ వైపు వస్తుందో ఎవరికీ గుర్తుండదు.

4. లేపడం, నిలబెట్టడం

చక్రాల నట్లు బండి నేల మీద ఉండగానే కొంచెం వదులు చేయండి. పాత క్రైస్లర్ లాంటి కొన్ని బళ్ళలో ఎడమ వైపు చక్రాలకి ఎడమ మరలు ఉంటాయి, అంటే మామూలుగా విప్పే వైపు తిప్పితే బిగుస్తాయి. నట్టు రాకపోతే బలం పెంచే ముందు బోల్టు కొన మీద ఎల్ అక్షరం ఉందేమో చూడండి.

ముందు భాగం లేపుతుంటే వెనక చక్రాలకి రెండు పక్కలా అడ్డుచెక్కలు, వెనక లేపుతుంటే ముందు చక్రాలకి. హ్యాండ్‌బ్రేక్‌ని నమ్ముకుని కూర్చోవద్దు, అది ఎక్కువ బళ్ళలో వెనక చక్రాలనే పడుతుంది, సిట్రోయెన్ డీఎస్ లాంటి కొన్నిటిలో ముందు చక్రాలని పడుతుంది. ఏ చక్రాలని లేపుతున్నారో వాటికే హ్యాండ్‌బ్రేక్ ఉంటే, లేపిన క్షణం నుంచి బండికి బ్రేకు లేనట్టే.

ఇక అసలు సంగతి తుప్పు. కొత్త బండిలో జాకీ పెట్టే చోటు మాన్యువల్ చెప్తుంది. పాత బండిలో మాన్యువల్ చెప్పిన ఆ చోటు ఇంకా మిగిలి ఉందో లేదో మీరే చూసుకోవాలి. పెయింటు, అడుగున పూసిన తారు పూత చాలా అబద్ధాలు దాస్తాయి. స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడవండి, చిన్న సుత్తితో కొట్టి వినండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, పుచ్చిన చోట డొల్ల శబ్దం. పుచ్చి ఉంటే సస్పెన్షన్ పని ఆపి ముందు వెల్డింగ్ పని చూసుకోవాలి, తప్పదు. గట్టిగా ఉన్నా ఛాసిస్‌కీ స్టాండ్‌కీ మధ్య గట్టి చెక్క పలక ఒకటి పెడితే బరువు ఒక్కచోట పడకుండా పరుచుకుంటుంది.

జాకీ లేపడానికే, మోయడానికి కాదు. లోపల ఉన్న చిన్న రబ్బరు సీల్ చిరిగితే మొత్తం దిగిపోతుంది. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు అసలే వద్దు, అవి వంగి హెచ్చరించవు, ఒక్కసారిగా పగిలిపోతాయి. స్టాండ్లు ఛాసిస్ కింద పెట్టాలి, సస్పెన్షన్ ఆర్మ్‌ల కింద కాదు, ఎందుకంటే మీరు విప్పబోయేది ఆ ఆర్మ్‌లనే కదా. దించాక భుజంతో బండిని పక్కకి, ముందుకి, వెనక్కి గట్టిగా తోయండి. పడేదైతే మీరు కింద లేనప్పుడే పడాలి. తర్వాత విప్పిన చక్రాలని పడుకోబెట్టి సిల్ (తలుపుల కింది అంచు) కిందకి తోసేయండి, స్టాండ్ జారినా ఆ చక్రం మందం మీకు బతికే జాగా ఇస్తుంది.

5. విప్పడం మొదలు: దేని తర్వాత ఏది

ముందు బ్రేకు గొట్టం చూడండి. కాలిపర్ విప్పితే దాన్ని గొట్టానికి వేలాడనివ్వకుండా తీగతో కట్టేయాలి. ఆర్మ్ కిందకి దిగినప్పుడు గొట్టం సాగుతుందేమో కూడా ముందే చూసుకోండి, పాత గొట్టం పైకి బాగానే ఉన్నా లోపల చీలుతుంది.

తర్వాత యాంటీ రోల్ బార్. ఇది ఎడమ చక్రాన్నీ కుడి చక్రాన్నీ కలిపే మరో స్ప్రింగ్. రెండు చక్రాలూ ఒకే ఎత్తులో వేలాడుతుంటే అందులో బలం ఏమీ ఉండదు, ఒకదాని కింద జాకీ పెట్టి లేపి ఉంటే మెలితిరిగి ఉంటుంది, లింకు విప్పగానే ఎగిరి తగులుతుంది. నాకు తగిలింది. మోచేతి మీద, రెండు వారాలు నలుపు పోలేదు. అందుకే దాన్ని రెండు చక్రాలూ ఒకే మట్టంలో ఉండగా ముందే విప్పేస్తాను.

షాక్ అబ్జార్బర్ దగ్గర చాలామంది బోల్తా పడతారు. "షాకప్ అంటే ఊపుని ఆపేది, అందులో స్ప్రింగ్ బలం ఏముంటుంది" అనుకుంటారు. నిజమే, కానీ చాలా బళ్ళలో ఆర్మ్ ఎంత కిందకి దిగాలో ఆపేది ఆ షాక్ అబ్జార్బరే. అంటే స్ప్రింగ్ ఇంకా సాగాలని తోస్తుంటే, ఈ షాకప్ బోల్టు పట్టుకుని ఉంది. అది తీస్తే ఆర్మ్ ధబ్మని దిగుతుంది. ఎంజీబీ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారులో ఇంకో మెలిక, అందులో ముందు వైపు లివర్ షాక్ అబ్జార్బరే పై ఆర్మ్ పని కూడా చేస్తుంది. అది తీయడమంటే సస్పెన్షన్ పై సగం తీసేయడమే. కాబట్టి షాక్ అబ్జార్బర్ ముట్టుకునే ముందు కింది ఆర్మ్ కింద జాకీ పెట్టి, కొంచెం బరువు దాని మీద పడేదాకా లేపి ఉంచండి.

బాల్ జాయింట్ విడదీసేటప్పుడు నట్టుని మొత్తం తీయకండి. రెండు మూడు చుట్ల మర మీద ఉంచండి. కోన్ ఆకారపు పిన్ను ఏళ్ళ తరబడి బిగుసుకుని, వదిలినప్పుడు తుపాకీ పేలినట్టు వదులుతుంది, ఆ నట్టు ఉంటే ఆర్మ్ అక్కడే ఆగుతుంది. రబ్బరు తొడుగు మళ్ళీ వాడాలనుకుంటే ఫోర్క్ లాంటి పనిముట్టు వద్దు, అది తొడుగుని చింపేస్తుంది, స్క్రూతో నొక్కేది వాడండి. స్క్రూ బాగా బిగించాక కూడా రాకపోతే, పిన్ను కూర్చున్న కన్నానికి పక్కవాటుగా సుత్తితో ఒక దెబ్బ. పిన్ను మర మీద కొట్టొద్దు, పాడైపోతుంది.

6. కాయిల్ స్ప్రింగ్

రెండు ఆర్మ్‌ల మధ్య ఉండే స్ప్రింగ్‌ని తీసే పద్ధతి మాన్యువల్ చెప్పిందే చేయండి. సాధారణంగా రెండు దారులు ఉంటాయి. మొదటిది, కింది ఆర్మ్‌ని ట్రాలీ జాకీతో మోసి, బాల్ జాయింట్ విడదీసి, జాకీని చాలా నెమ్మదిగా దించడం. ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. ఆర్మ్ నిలువుగా దిగదు, గుండ్రంగా తిరుగుతూ దిగుతుంది, కాబట్టి జాకీ చక్రాలు స్వేచ్ఛగా దొర్లాలి, లేకపోతే జాకీ పక్కకి జారుతుంది. రెండో విషయం, స్ప్రింగ్‌ని అదిమి పెడుతున్నది బండి ముందు భాగం బరువు. ఇంజన్ తీసేసిన బండిలో ఈ పద్ధతి పనికిరాదు, జాకీ లేపితే స్ప్రింగ్ నొక్కుకోవడం పోయి బండే స్టాండ్ల మీద నుంచి లేస్తుంది. ఇంజన్ లేకుండా బాడీ మాత్రమే ఉన్న బళ్ళకి మరమ్మతు చేసేవాళ్ళు ఇది మర్చిపోతుంటారు.

ఏ దారిలో అయినా స్ప్రింగ్ చుట్ల మధ్య నుంచి ఒక గట్టి గొలుసు దూర్చి, ఛాసిస్‌కి వదులుగా కట్టేయండి. ఏది జారినా స్ప్రింగ్ ఆ గొలుసు పొడవు దాటి పోదు. మీ మొహం, మోకాళ్ళు ఎప్పుడూ స్ప్రింగ్ వరసలో ఉండకూడదు, పక్కన ఉండి పని చేయండి.

ఎంజీబీ లాంటి వాటిలో స్ప్రింగ్ కూర్చునే పళ్ళెం నాలుగు బోల్టులతో ఉంటుంది. అందులో ఎదురెదురుగా ఉన్న రెండు తీసి, వాటి స్థానంలో పొడవాటి గట్టి మర కడ్డీలు పెట్టి, మిగతా రెండూ తీశాక, ఆ కడ్డీల నట్లని మార్చి మార్చి కొంచెం కొంచెం వదులుతూ పోతే స్ప్రింగ్ ప్రశాంతంగా సాగిపోతుంది. అరగంట పడుతుంది, పట్టనివ్వండి. నాకు బాగా నచ్చిన పద్ధతి ఇదే, ఏ క్షణంలోనూ బలం ఎక్కడుందో కళ్ళకి కనిపిస్తూ ఉంటుంది.

రెండో దారి కంప్రెసర్. బయట తగిలించే రకం అయితే రెండు కొక్కాలు స్ప్రింగ్‌కి సరిగ్గా ఎదురెదురుగా ఉండాలి, వీలైనన్ని ఎక్కువ చుట్లు పట్టుకోవాలి. మరలకి గ్రీజు పెట్టి, ఒకవైపు రెండు చుట్లు, అవతల వైపు రెండు చుట్లు, అలా మార్చి మార్చి తిప్పండి. ఒకటి ఎక్కువ బిగిస్తే స్ప్రింగ్ విల్లులా వంగి, కొక్కెం జారే వైపు నెడుతుంది. ఇంపాక్ట్ గన్ వాడొద్దు. గన్ వేగానికి మర వేడెక్కి పట్టేస్తుంది, అప్పుడు నొక్కిన స్ప్రింగ్ ముందుకీ రాదు వెనక్కీ పోదు, మీ చేతిలో బాంబు ఉన్నట్టే. అరువు తెచ్చుకున్న కంప్రెసర్ అయితే మర అరిగిందా, కొక్కెం విచ్చుకుందా అని వెలుతురులో చూడండి. కొంచెం అనుమానం వచ్చినా తిరిగి ఇచ్చేయండి.

స్ట్రట్ బళ్ళలో పైన మధ్యలో ఒక పెద్ద నట్టు ఉంటుంది. ఆ నట్టు దేన్ని పట్టుకుని ఉంది? మొత్తం స్ప్రింగ్‌ని. స్ట్రట్ బయటికి తీసి, కంప్రెసర్‌తో స్ప్రింగ్ నొక్కి, పైన ఉన్న ప్లేటు చేత్తో తిప్పితే వదులుగా కదిలేదాకా ఆ నట్టు ముట్టుకోకూడదు. నొక్కిన స్ప్రింగ్‌ని అలాగే వదిలేసి భోజనానికి, నిద్రకి వెళ్ళొద్దు. తీశాక కంప్రెసర్‌ని నెమ్మదిగా వదిలి స్ప్రింగ్‌ని పూర్తిగా సాగనివ్వండి.

7. కమాన్ కట్టలు

వీటిలో ప్రమాదం తక్కువ, శ్రమ ఎక్కువ. ఛాసిస్‌ని స్టాండ్ల మీద ఉంచి, ఇరుసుని జాకీతో విడిగా మోయండి. ఇరుసుని కొంచెం పైకీ కిందకీ కదుపుతూ ఉంటే ఒక చోట షాకిల్ (కట్ట కొనని ఛాసిస్‌కి కలిపి ఆడే లింకు) బోల్టు మీద ఒత్తిడి లేకుండా పోతుంది, అప్పుడు అది సుత్తి అక్కర్లేకుండా వస్తుంది. ఇరుసు మధ్యలో ముందుకి పొడుచుకొచ్చే ముక్కు కిందకి తిరగకుండా దానికీ ఆసరా పెట్టండి.

కట్ట విడదీయాలనుకుంటే మాత్రం జాగ్రత్త. మధ్య బోల్టు వంపులు వేరువేరుగా ఉన్న పట్టీలన్నిటినీ అదిమి పట్టుకుని ఉంటుంది. దానికి రెండు పక్కలా గట్టి జీ-క్లాంపులు వేసి, బోల్టు తీశాక వాటిని వంతులవారీగా వదలండి. ఇరుసుని కట్టకి బిగించే యూ-బోల్టులు ఒకసారి బిగించాక సాగి ఉంటాయి, మళ్ళీ వాడకండి, కొత్తవి వేయండి.

8. టార్షన్ బార్లు, రబ్బరు, ద్రవం

టార్షన్ బార్ తీసే ముందు బారుకీ, అది కూర్చునే చోటుకీ రెండు కొనల్లోనూ గుర్తులు పెట్టండి. బారు మీద పంచ్‌తో కొట్టకండి, గీత కూడా పెట్టకండి, పెయింటు చాలు. చిన్న గీత నుంచే పగులు మొదలవుతుంది. ఎడమ బారు కుడికి, కుడిది ఎడమకి వేయకూడదు, అవి ఒక వైపు మెలికకే అలవాటు పడి ఉంటాయి.

బీటిల్ వెనకాల స్ప్రింగ్ ప్లేటు కింద ఒక అడ్డు ఉంటుంది, ప్లేటు దాని మీద ఆనుకుని ఉన్నంతసేపూ బారు మెలితిరిగే ఉంటుంది. ప్లేటుని జాకీతో, గొలుసుతో పట్టుకుని, అడ్డు దాటించి, మెల్లగా దించాలి. కాలి బొటనవేలు ఆ కింద ఉండకూడదని వేరే చెప్పక్కర్లేదు. ఆ బారుకి లోపలి కొనలో 40 పళ్ళు, బయటి కొనలో 44 పళ్ళు. లోపల ఒక పన్ను జరిపితే 9 డిగ్రీలు, బయట ఒక పన్ను జరిపితే 8 డిగ్రీల పైచిలుకు. ఒకటి ఇటు, ఒకటి అటు జరిపితే తేడా ఒక డిగ్రీ కూడా ఉండదు. అంత సన్నగా ఎత్తు సరిచేసుకోవచ్చు, గుర్తులు పెట్టకపోతే అంత సన్నగానే తప్పిపోవచ్చు కూడా.

మినీ రబ్బరు కోన్‌కి దాని కోసమే చేసిన పనిముట్టు ఉంది, వేరే వాటితో ప్రయత్నించొద్దు. ద్రవం ఉన్న మోరిస్ 1100 లాంటి వాటిలో గొట్టం విప్పే ముందు వాల్వు దగ్గర ఒత్తిడి వదిలించాలి, తిరిగి నింపడానికి పంపు కావాలి, అది లేకపోతే మొదలుపెట్టకండి. డీఎస్ అయితే ఒత్తిడి పోగానే బండి నేలకి దిగిపోతుంది, దాని సహజ గుణమే అది, కాబట్టి స్టాండ్ల మీద లేని డీఎస్ కిందకి చెయ్యి కూడా పెట్టకండి. తొలి బళ్ళలో ఎర్ర ద్రవం, తర్వాతి వాటిలో ఆకుపచ్చది, ఒకదానిలో ఇంకొకటి పోస్తే సీళ్ళన్నీ పాడవుతాయి.

9. వేడి గురించి

రాని బోల్టుని టార్చితో కాల్చడం పాత అలవాటు. స్ప్రింగ్‌ని గానీ టార్షన్ బార్‌ని గానీ వేడి చేయకండి, వెల్డింగ్ చేయకండి, ఉక్కు పదును పోతుంది. ఎత్తు తగ్గించడానికి కాయిల్‌ని కాల్చి కూర్చోబెట్టేవాళ్ళున్నారు, ఆ బండి ఎక్కే ముందు ఆలోచించుకోండి. గ్యాస్ షాక్ అబ్జార్బర్ దగ్గర మంట పెడితే అది పేలొచ్చు. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ కొట్టిన చోట వేడి తగిలితే ఫాస్‌జీన్ అనే విషవాయువు పుడుతుంది. వేడి తప్పదనుకుంటే, ఆ భాగాన్ని బండి నుంచి విప్పి, తుడిచి, ఆరబెట్టి, పెట్రోలు ట్యాంకుకి దూరంగా తీసుకెళ్ళి చేయండి. బోల్టు ఎలాగూ మార్చేదే అయితే రంపంతో కోసేయడం అన్నిటికంటే తేలిక.

10. తిరిగి బిగించడం

బోల్టు తల మీద దాని బలం చెప్పే గుర్తులు చూడండి. మెట్రిక్‌లో 8.8, 10.9 అని ఉంటుంది. అంగుళాల వాటిలో మూడు గీతలుంటే గ్రేడ్ 5, ఆరు ఉంటే గ్రేడ్ 8. మెరుస్తుంది కదా అని స్టెయిన్‌లెస్ బోల్టులు వేయొద్దు. మామూలు ఏ2-70 రకం 450 మెగాపాస్కల్ దగ్గరే సాగడం మొదలుపెడుతుంది, 8.8 రకం 640 దాకా ఓర్చుకుంటుంది. పాత బ్రిటిష్ బళ్ళలో విట్‌వర్త్, బీఎస్‌ఎఫ్, యూఎన్‌ఎఫ్ అనే వేర్వేరు కొలతల మరలు కలిసి ఉండొచ్చు. 5/16 అంగుళం అంటే 7.94 మి.మీ., కాబట్టి 8 మి.మీ. నట్టు ఎక్కినట్టే అనిపించి మరని కొరికేస్తుంది. చేత్తో నునుపుగా తిరగని నట్టుకి పానా పెట్టకండి.

మాన్యువల్‌లో టార్క్ అడుగు-పౌండ్లలో ఉంటే 1.356తో గుణిస్తే న్యూటన్ మీటర్లు. 50 అని రాసి ఉన్నది 68 అవుతుంది. నేరుగా 50 న్యూటన్ మీటర్లకి బిగిస్తే నాలుగో వంతుకి పైగా వదులు. స్ప్లిట్ పిన్‌లు, నైలాన్ నట్లు ఎప్పుడూ కొత్తవే. గాళ్ళున్న నట్టులో పిన్ను కన్నం కుదరకపోతే వెనక్కి తిప్పకండి, మాన్యువల్ ఒప్పుకుంటే తర్వాతి గాడి దాకా బిగించండి.

ఇప్పుడు నేను బాగా డబ్బు పోసి నేర్చుకున్న పాఠం, రబ్బరు బుష్షులు, అంటే ఆర్మ్ ఆడే చోట బోల్టు చుట్టూ ఉండే రబ్బరు తొడుగులు. మొదటిసారి చేసినప్పుడు చక్రాలు వేలాడుతుండగానే బుష్షుల బోల్టులన్నీ ముచ్చటగా టార్క్ రెంచ్‌తో బిగించాను. బండి దించితే రెండు వేళ్ళ ఎత్తు ఎక్కువ నిలబడింది, కొన్ని నెలలకే కొత్త బుష్షులు చిరిగిపోయాయి. కారణం చిన్నది. ఇనుముకి అతుక్కుని ఉండే రబ్బరు బుష్ జారదు, మెలితిరుగుతుంది. బిగించిన స్థానమే దానికి విశ్రాంతి. వేలాడుతుండగా బిగిస్తే, బండి నేల మీద నిలబడినంతసేపూ ఆ రబ్బరు మెలికపడే ఉంటుంది. అందుకే ఆ బోల్టుల్ని ముందు చేత్తో బిగించి వదిలేసి, బండి బరువు చక్రాల మీద పడ్డాక, లేదా ఆర్మ్‌ని జాకీతో మామూలు ఎత్తుకి లేపి, అప్పుడు పూర్తి టార్క్ ఇవ్వాలి. రబ్బరుకి మామూలు గ్రీజు పెట్టకండి, ఉబ్బిపోతుంది. సబ్బు నీళ్ళు చాలు.

ట్రయంఫ్ హెరాల్డ్, స్పిట్‌ఫైర్ ఉన్నవాళ్ళకి ఒక మాట. ముందు చక్రాల కింది ట్రనియన్‌కి (నిలువు లింకు కింది కొన మరతో తిరిగే దిమ్మె) గ్రీజు కాదు, గేర్ ఆయిల్ పట్టాలి. నూనె లేక ఎండిపోయిన ట్రనియన్‌లో నిలువు లింకు తుప్పు పట్టి విరిగిపోతుంది, అప్పుడు చక్రం లోపలికి మడుచుకుపోతుంది.

11. దించాక

చక్రాల నట్లు అడ్డదిడ్డంగా, ఎదురెదురుగా బిగించండి. నాలుగు మూలలూ చేత్తో గట్టిగా నొక్కి ఊపి, బండిని రెండు మీటర్లు ముందుకీ వెనక్కీ దొర్లించి, టైర్లు సర్దుకున్నాక ఎత్తులు కొలవండి, మొదట్లో రాసుకున్నవి తీసి పక్కన పెట్టుకోండి. బ్రేకు పెడల్ నాలుగైదు సార్లు నొక్కి గట్టిపడిందో లేదో చూడకుండా బండి కదిలించొద్దు. స్టీరింగ్ ఒక చివర నుంచి ఇంకో చివర దాకా తిప్పి, గొట్టాలు ఎక్కడైనా రాసుకుంటున్నాయేమో ఇంకొకరితో చూపించుకోండి.

మొదటి ప్రయాణం ఖాళీ రోడ్డు మీద, నడిచే వేగం నుంచి మొదలుపెట్టి. టక్కుమనే శబ్దం వస్తే అక్కడే ఆగాలి. చక్రాల అలైన్‌మెంట్ తప్పకుండా చేయించండి, కానీ వెంటనే వద్దు, కొత్త స్ప్రింగులు కొంచెం కూర్చుంటాయి. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక యూ-బోల్టులు, ఆర్మ్ బోల్టులు, చక్రాల నట్లు మళ్ళీ ఒకసారి టార్క్ చూసి, బిగించిన ప్రతి నట్టు మీద బోల్టు దాకా పెయింటుతో ఒక గీత గీయండి. మరోసారి కిందకి తొంగి చూసినప్పుడు గీత విరిగినట్టు కనిపిస్తే ఆ నట్టు కదిలిందన్నమాట.